పిల్లల నాణేల సేకరణ: రావులపాలెం పరిసరాలు

కోనసీమ పిల్లలకు చిల్లర మొదటిసారి సొంత ఆస్తిగా దక్కేది భోగినాటి సాయంత్రం. రేగిపళ్ళలో చెరకు ముక్కలు, నానిన శనగలు, బంతిపూల రేకులు, గుప్పెడు చిల్లర కలిపి, పీటమీద కూర్చున్న పసివాడి తలచుట్టూ తిప్పి పేరంటాళ్ళు పోస్తారు. దిష్టి పోవాలన్నది పెద్దల ఉద్దేశం. కింద దొర్లిన నాణేలు ఏరుకోవడం చుట్టూ చేరిన పిల్లల హక్కు. ఆ చిల్లరలో చాలామటుకు మర్నాటికే మిఠాయి కొట్టు చేరుతుంది. ఎక్కడో ఒక పిల్లో పిల్లాడో మాత్రం అన్నిటికంటే వేరుగా కనిపించినదాన్ని ఖర్చుపెట్టబుద్ధి కాక దాచుకుంటారు. సేకరణ పుట్టేది ఆ క్షణంలోనే. జాతీయ రహదారిమీది రావులపాలెంలోనూ దాని చుట్టుపక్కల గ్రామాల్లోనూ పిల్లల చేతికి నాణేలు ఏయే దారుల్లో వస్తాయో, ఆ దారులను పెద్దలు ఎలా తెరిచి ఉంచవచ్చో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఇందులోని వాదన ఒక్కటే. పిల్లల సేకరణకు పెద్దలు చేయగల అసలైన సాయం, ఊళ్ళో తిరిగే చిల్లరనీ ఇళ్ళలో దాగిన చిల్లరనీ వాళ్ళంతట వాళ్ళు వెతుక్కునే వీలు కల్పించడం, దొరికిన ప్రతి నాణెం ఎక్కడ, ఎవరి చేతిమీదుగా వచ్చిందో రాయించడం. కొనిపెట్టడం దీనికి చాలా తర్వాతి మాట. వెతికి పట్టుకున్న నాణెం వెనక ఒక మనిషి, ఒక ప్రయాణం, ఒక ప్రశ్న ఉంటాయి. కొట్లో కొన్నదాని వెనక ఉండేది ధర మాత్రమే.

ఇలాంటి వెతుకులాటకు రావులపాలెం కంటే అనువైన ఊరు గోదావరి డెల్టాలో అరుదు. గౌతమి వంతెన మీదుగా జొన్నాడ వైపునుంచి వచ్చేవాళ్ళూ, వసిష్ఠ వంతెన మీదుగా సిద్ధాంతం వైపునుంచి వచ్చేవాళ్ళూ కోనసీమలోకి మళ్ళేది ఇక్కడే. ముఖద్వారమన్న పేరు అందుకే వచ్చింది. ఇక్కడి అరటి మార్కెట్ యార్డుకు చుట్టుపక్కల లంకలనుంచి గెలలు దిగుతాయి, ఒడిశా తదితర రాష్ట్రాలకు లారీల్లో ఎక్కుతాయి. లారీ డ్రైవర్లు టీ కొట్లలో విడిచే చిల్లర ఎన్నో రాష్ట్రాలు తిరిగి వచ్చినదై ఉంటుంది. దగ్గర్లోని వాడపల్లి వేంకటేశ్వరస్వామి గుడికి ఏడు శనివారాల మొక్కుతో వచ్చే జనంలో ఎక్కువమంది ఈ ఊరి మీదుగానే వెళతారు. గుడి బయట కొబ్బరికాయలు అమ్మేవాళ్ళ డబ్బాలో శనివారం సాయంత్రానికి పేరుకునే చిల్లర, ఒక్క ఊరి చిల్లర అనడానికి వీల్లేదు. బస్సు కండక్టరు సంచీ కూడా ఇన్నాళ్ళూ అలాంటిదే. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చాక ఆ సంచీలో చిల్లర కొంత తగ్గి ఉండాలి. టీ కొట్టు, కొబ్బరికాయల అంగడి, కూరగాయల తట్ట మాత్రం మిగిలే ఉన్నాయి. పెద్దలు చేయాల్సింది చిన్న పని. తెలిసిన దుకాణదారుతో ఒక మాట చెప్పి, సందడి లేని వేళ పిల్లలు తమ దగ్గరున్న పది రూపాయల నోటుకు చిల్లర మార్చుకుని, చూసి, నచ్చినవి ఉంచుకుని, మిగతావి తిరిగి ఇచ్చేలా ఏర్పాటు చేయాలి. ఆ కొట్టు యజమాని నెలకోసారి ఒక నాణెం పక్కన పెట్టి ఉంచడం మొదలుపెడితే, ఆ పిల్లవాడికి ఊళ్ళో ఒక గురువు దొరికినట్టే.

మొదట చూడాల్సింది సంవత్సరం, దాని కింద ఉండే చిన్న గుర్తు. భారతదేశంలో నాణేలు ముద్రించే టంకశాలలు నాలుగు. ముంబైది వజ్రం గుర్తు, హైదరాబాదుది అయిదు కొసల నక్షత్రం, నోయిడాది గుండ్రని చుక్క. కోల్‌కతా నాణెం మీద ఏ గుర్తూ ఉండదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలు, అన్నీ ఒకేలా కనిపించే రూపాయి నాణేలు నాలుగు కుటుంబాలుగా విడిపోతాయి. వంద రూపాయి నాణేలు తీసుకుని, ఏ టంకశాలవి ఎన్ని ఉన్నాయో రావులపాలెం యార్డు దగ్గర ఒకసారి, లోపల అంబాజీపేటలో ఒకసారి లెక్కపెడితే ఆ లెక్కలు ఒకేలా ఉంటాయా? ఒడిశా లారీలు ఆగేచోట గుర్తులేని కోల్‌కతా నాణేలు కొంచెం ఎక్కువ కనిపిస్తాయా? జవాబు ముందే తెలిసిన ప్రశ్న కాదిది, అందుకే పిల్లలకు తగిన ప్రశ్న. ఆరో తరగతి పిల్లలు కాగితం, పెన్సిలుతో తేల్చగలిగిన పరిశోధన. హైదరాబాదు టంకశాలకు పాత చరిత్రే ఉంది: నిజాం సికందర్ జా కాలంలో 1803లో సుల్తాన్‌షాహీలో మొదలై, 1903లో సైఫాబాదుకు, 1997లో చర్లపల్లికి మారింది. 2022 జూన్‌లో సైఫాబాదు పాత భవనంలో టంకశాల మ్యూజియం తెరిచారు. చేతిలోని రూపాయి మీద నక్షత్రాన్ని గుర్తించిన పిల్లలకు, అది పుట్టిన ఊరు చూపించే విహారయాత్ర ఏ జంతుప్రదర్శనశాలకూ తీసిపోదు.

చలామణీ నాణేల్లో పిల్లలకు అన్నిటికంటే తేలిగ్గా దొరికేది, పెద్దలు అన్నిటికంటే ఎక్కువగా వద్దనేది పది రూపాయల నాణెం. రెండు లోహాల ఈ నాణెం 2009లో చలామణీలోకి వచ్చింది. తర్వాత ఎన్నో నమూనాల్లో వచ్చింది. 2010లో రూపాయి చిహ్నం ఖరారై 2011 నుంచి నాణేల మీదికి ఎక్కడంతో, చిహ్నం ఉన్నవీ లేనివీ పక్కపక్కనే తిరిగాయి. అంచు చుట్టూ పది గీతలున్నవే అసలువనీ, పదిహేను గీతలున్నవి నకిలీవనీ పుకారు పుట్టింది. తెలుగు రాష్ట్రాల్లో ఎన్నో కొట్లు ఈ నాణేన్ని తీసుకోవడమే మానేశాయి. అప్పటికి విడుదలైన 14 నమూనాలూ చెల్లుతాయని 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు ప్రకటించినా అనుమానం పూర్తిగా పోలేదు. ఈ నిరాకరణే పిల్లల సేకరణకు వరమైంది. బ్యాంకు కౌంటరులో అడిగితే ఇవి దొరుకుతాయి; పద్నాలుగూ పోగుచేయడం ఒక ఏడాదికి సరిపడే చక్కని లక్ష్యం. పోగుచేసేలోగా ఆ పిల్లకు ప్రతి నమూనా ఏ సంవత్సరానిదో, ఏ సందర్భానికి వచ్చిందో, గీతలు ఎందుకు మారాయో తెలిసిపోతుంది. కొట్టువాడు వద్దన్నప్పుడు భయం లేకుండా వివరించగలిగేది ఆ పిల్లే. ఒక పుకారును తన కళ్ళతో పరీక్షించి అబద్ధమని తేల్చుకోవడం చిన్న చదువు కాదు. ఇక రూపాయికి తక్కువ కాని నాణేలతో ఒకేసారి వెయ్యి రూపాయల దాకా చెల్లింపు చట్టప్రకారం చెల్లుతుందని 2011 నాటి నాణేల చట్టం చెబుతుంది. ఇది పిల్లలతోపాటు పెద్దలూ తెలుసుకోవాల్సిన మాట.

ఇంటి బయటి వెతుకులాట ఇలా సాగితే, ఇంట్లోది మరీ లోతైనది. దేవుడి అరలో పసుపు గుడ్డలో కట్టిన ముడుపు, అమ్మమ్మ ట్రంకు పెట్టె అడుగున చీరల మడతల మధ్య ఉన్న చిన్న సంచీ, పోపులపెట్టె పక్కన మూతలేని సత్తు గిన్నె, పిల్లల మట్టి డిబ్బీ: ఇవన్నీ నాణేల గనులే. ముడుపు విప్పకూడదు, అది మొక్కు. మిగతావాటికి అనుమతి అడిగితే చాలు. అక్కడ దొరికేవి పైసలు. 1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు పైసల లెక్క వచ్చింది. 1964 దాకా వాటిని నయా పైసలన్నారు. చదువు రానివాళ్ళు కూడా తడిమి పోల్చుకోగలిగేలా వాటికి ఆకారాలిచ్చారు. అయిదు పైసలు గుండ్రని మూలల చతురస్రం, రెండు పైసలు, పది పైసలు అలల అంచువి, 1964లో వచ్చిన మూడు పైసలు ఆరు కోణాలది. 1968లో వచ్చిన తామరపువ్వు ఇరవై పైసల పసుపు నాణెం చూడముచ్చటగా ఉంటుంది. నా దృష్టిలో స్వతంత్ర భారతంలో చలామణీ అయిన వాటిలో అంత అందమైనది లేదు. అల్యూమినియం పైసలు ఎంత తేలికంటే పిల్లలు వాటిని బొమ్మ డబ్బులనుకుంటారు. 2011 జూన్ 30తో పావలా, అంతకు తక్కువ నాణేలన్నీ చెల్లుబాటు కోల్పోయాయి. నాణెం పోయినా మాట పోలేదు. పావలా వడ్డీ అన్నది ఆ తర్వాత కూడా పొదుపు సంఘాల మహిళల నోట ఆడుతూనే ఉంది.

అసలు తెలుగు మాటలే ఒక నాణేల సేకరణ. పదహారణాల తెలుగమ్మాయి అన్నప్పుడు రూపాయికి పదహారు అణాలన్న లెక్క వినిపిస్తుంది. బేడ అంటే రెండణాలు, కాణీ అంటే పావు అణా, పావలా అంటే నాలుగణాలు. చిల్లిగవ్వ లేదన్నప్పుడు గవ్వలే చిల్లరగా చెల్లిన కాలం పలుకుతుంది. కాసులపేరు ధరించిన పెళ్ళికూతురు మెడలో కాసు అనే పాత నాణెం ఆకారం ఇంకా బతికే ఉంది. చివరికి డబ్బు అన్న మాట కూడా ఒకప్పుడు ఒక ప్రత్యేకమైన రాగి నాణెం పేరే. తాతమామ్మల నాణేలు పిల్లలకు అందాలంటే ముందు ఈ మాటలు అందాలి. కాణీ అంటే ఏమిటని అడిగిన మనవడికి తాతయ్య చెప్పే జవాబు సగంలోనే ట్రంకుపెట్టె దగ్గరికి దారితీస్తుంది. ఆ పెట్టెలో మధ్యలో పెద్ద చిల్లున్న రాగిరంగు కాణీ కనిపిస్తే అది 1943కూ 1947కూ మధ్యది, యుద్ధకాలంలో లోహం ఆదా చేయడానికి వచ్చినది. అలల అంచున్న అణా దొరికితే మరింత శ్రద్ధగా చూడాలి. ఎడ్వర్డు చక్రవర్తి బొమ్మతో 1907లో వచ్చిన అణా మొదలుకొని, ఈ నాణేల మీద విలువ ఇంగ్లీషుతోపాటు ఉర్దూ, నాగరి, బెంగాలీ, తెలుగు లిపుల్లోనూ ఉంది. నేటి చలామణీ నాణేల మీద ఉన్నవి హిందీ, ఇంగ్లీషులే. తెలుగు అక్షరమున్న నాణెం కావాలంటే పిల్లలు వెనక్కి, రాజుల తల బొమ్మల కాలానికి వెళ్ళాలి. దీన్ని విన్నప్పుడు పిల్లల ముఖంలో కనిపించే ఆశ్చర్యం, పాఠ్యపుస్తకంలో బ్రిటిషు పాలన అధ్యాయం చదివించినప్పుడు కనిపించదు. 1950 ఆగస్టు 15న వచ్చిన గణతంత్ర నాణేల్లో రాజు తల స్థానంలో అశోక స్తంభం సింహాలు నిలిచాయి. ఒకే ఇంట్లో ఆ రెండు నాణేలూ దొరికితే, పక్కపక్కనే పెట్టి చూపడమే స్వాతంత్ర్యం గురించిన పాఠం.

అంతకంటే వెనక్కి పోతే కోనసీమ చరిత్ర తెలంగాణ చరిత్రనుంచి విడిపోతుంది, నాణేలూ విడిపోతాయి. తెలంగాణలో పాత ఇంటి పెట్టెలో చార్మినారు బొమ్మ ఉన్న నిజాం నాణేలు కనిపిస్తాయి. గోదావరి జిల్లాలు 1760ల్లోనే ఉత్తర సర్కారులుగా ఈస్టిండియా కంపెనీ చేతికి పోవడంతో ఇక్కడ కనిపించేవి కంపెనీ రాగి నాణేలు. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ సోహో టంకశాలలో 1794, 1797 సంవత్సరాల్లో ప్రత్యేకంగా ఉత్తర సర్కారుల కోసం ముద్రించిన నాణెం మీద, నలభై ఎనిమిది కలిస్తే ఒక రూపాయి అని ఇంగ్లీషులో ఉంటుంది. ఆవిరి యంత్రం మీద తయారైన నాణెం ఈ లంకల్లోని అరటి, కొబ్బరి బేరాల్లోకి అంత తొందరగా వచ్చిందన్నమాట. ఆ తర్వాత మద్రాసులో వేసిన వెండి పావు వరహా మీద గోపురం, విష్ణువు బొమ్మలతోపాటు ఇంగ్లీషు, పారశీకం, తమిళం, తెలుగు నాలుగూ ఉన్నాయి. ఇంకా లోతుకు వెళితే ద్రాక్షారామం శాసనాల్లో అఖండదీపాలకు ఇచ్చిన మాడల లెక్కలున్నాయి. గోదావరి ఎగువన ధవళేశ్వరంలో తూర్పు చాళుక్య, చోళ రాజుల బంగారు నాణేల నిక్షేపం బయటపడగా, మద్రాసు ప్రభుత్వ మ్యూజియం దానిమీద ప్రత్యేక పరిశోధన ప్రచురించింది. ఆ చాళుక్య నాణేల నడుమ ఉండే వరాహమే వరహా అన్న మాటకు మూలమని పండితులు చెబుతారు. ఇవేవీ పిల్లల సేకరణలో చేరేవి కావు, చేరకూడదు కూడా. కొబ్బరి పాదు తవ్వుతుంటే మట్టిలో పాత నాణేల ముంత దొరికితే అది సేకరణ హద్దు దాటినట్టే: 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువగలది మట్టిలో దొరికితే కలెక్టరుకు తెలపాలి. పిల్లలకు ఈ నియమం మొదటి రోజే చెప్పడం మంచిది. దొరికిన చోటునుంచి కదపకుండా పెద్దలకు చెప్పడం, ఫోటో తీయించడం, కబురు చేయడం అన్నది దొంగతనానికీ పరిశోధనకూ మధ్య గీత.

ఆ గీత ఎంత విలువైనదో కోటిలింగాల చెబుతుంది. ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో గోదావరి ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో వానకు మట్టి కోసుకుపోయినప్పుడు పైకి తేలిన చిన్న చిన్న నాణేలను ఊరివాళ్ళు ఏరేవారు. 1970ల్లో ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరిశర్మ వాటిని ఓపికగా సేకరించారు. శాసన పరిశోధకుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి వాటిని చదివారు. శాతవాహన వంశ మూలపురుషుడు శ్రీముఖుడి పేరు, అంతకుముందు ఏలిన గోభద, సమగోప మొదలైన రాజుల పేర్లు ఆ నాణేల మీద వెలుగు చూశాయి. తెలుగు నేల తొలి చరిత్రను తిరగరాసిన ఆధారాలు పండితుల తవ్వకాలకంటే ముందు పొలం గట్లమీద నడిచేవాళ్ళ చేతికి దొరికాయి. అవి చరిత్రగా మారడానికి కారణం, ఏ ఊళ్ళో దొరికాయో ఒక మనిషి గట్టిగా పట్టుకుని ఉండటం. అదే నాణేలు ఊరు పేరు లేకుండా ఏ నగరపు అంగడికో చేరి ఉంటే ఎవరి చరిత్రా కాకుండా పోయేవి. పిల్లల పుస్తకంలో ప్రతి నాణెం పక్కన తేదీ, చోటు, ఇచ్చినవారి వరస, వాళ్ళు చెప్పిన మాట రాయించాలన్నది ఈ అనుభవం నేర్పిన పాఠమే. ఈతకోట పెదనాన్న దగ్గర, చిల్లర దాచిపెట్టుకున్న సంచీలోంచి, అన్న ఒక్క వాక్యం ఒక రెండణాల నాణేనికి వచ్చే ధరకంటే ఎక్కువ కాలం నిలుస్తుంది.

నాణెం ఒంటరిగా అన్నీ చెప్పలేదని రుజువు చేసే ఉదాహరణ రంగం. గోదావరి జిల్లాలనుంచి కోరంగి రేవు మీదుగా బర్మాకు వలసపోయిన కుటుంబాలెన్నో. రంగూనును ఇక్కడ రంగమనే పిలిచేవారు. 1937 దాకా బర్మా బ్రిటిషు ఇండియాలో భాగమే కనుక అక్కడా ఇవే రూపాయలు, ఇవే అణాలు చెల్లాయి. రంగంలో కూలి చేసి సంపాదించిన రూపాయినీ, రాజోలు సంతలో కొబ్బరికాయలు అమ్మగా వచ్చిన రూపాయినీ పక్కన పెడితే కంటికి తేడా తెలియదు. ముసలమ్మ నోటినుంచి వచ్చిన మాటే తేడా చెబుతుంది. ఆ సముద్ర దారి ఎంత పాతదో అరకాన్ తీరంలోని చెదూబా దీవిలో దొరికిన తూర్పు చాళుక్య శక్తివర్మ, రాజరాజుల బంగారు నాణేలు సాక్ష్యం చెబుతాయి. రంగం దారి మూతపడ్డాక గల్ఫు దారి తెరుచుకుంది. అమలాపురం, రాజోలు ప్రాంతాలనుంచి కువైట్, దుబాయి, మస్కట్, దోహా వెళ్ళినవాళ్ళు లేని ఊరు కోనసీమలో దాదాపు లేదు. సెలవుకు వచ్చిన పిన్నమ్మ చేతి సంచీ అడుగున మిగిలిపోయిన చిల్లర పిల్లలకు నేరుగా దొరికే విదేశీ నాణేల నిధి. వాటిని దాచుకోవడానికి భారతదేశంలో ఏ అడ్డంకీ లేదు. విదేశీ నాణేలు ఎన్నయినా ఉంచుకోవచ్చు. ఒమాను రియాలుకు వెయ్యి బైసాలు. ఆ బైసా మన పైసా తోబుట్టువే. 1959లో రిజర్వు బ్యాంకు గల్ఫు దేశాల కోసం వేరే రంగు నోట్లే వేసింది. కువైట్ 1961లో, ఒమాను 1970లో సొంత ద్రవ్యం తెచ్చుకునేదాకా అక్కడ చెల్లింది మన రూపాయే. కువైట్ నాణేల మీద తెరచాప ఓడ ఉంటుంది. రెండు వేల ఏళ్ళ కిందట శాతవాహనుల నాణేల మీద కూడా, ఈ తూర్పు తీరాన దొరికినవాటిమీద, రెండు తెరచాప స్తంభాల ఓడ ఉంది. ఇవన్నీ తల్లి దూరదేశంలో పనిచేస్తున్న పిల్లకు ఊరికే సమాచారమనిపించవు. అమ్మ ఉన్న చోటుకూ తన ఊరికీ మధ్య ఒక పాత తాడు ఉందని తెలుస్తుంది.

ఈ వాదనకు వచ్చే అభ్యంతరాల్లో బలమైనది ఇది: పల్లెటూరి పిల్లలకు ఇంటి పెట్టెలు, గల్ఫు బంధువులు అందరికీ ఉండవు కదా, అలాంటివాళ్ళకు కొనిపెట్టడమే న్యాయం కాదా? ఇందులో నిజముంది. కూలి ఇంట్లో అమ్మమ్మ ట్రంకుపెట్టె ఉండదు, ఉన్నా వెండి రూపాయలు ఎప్పుడో తాకట్టు దాటిపోయి ఉంటాయి. అయితే దీనికి పరిష్కారం ప్యాకెట్లలో అమ్మే వంద దేశాల నాణేలు కాదనిపిస్తుంది. చలామణీ నాణేలు పేదపిల్లల చేతికీ వస్తాయి. టంకశాల గుర్తులకూ పద్నాలుగు పది రూపాయల నమూనాలకూ అయ్యే పెట్టుబడి దాదాపు ముఖ విలువే, సేకరణ మానేస్తే ఆ డబ్బు మళ్ళీ ఖర్చుపెట్టుకోవచ్చు. మిగతాది బడి చేయాలి. ఒక తరగతికి ఒక ఉమ్మడి సేకరణ, అందరూ తెచ్చినవి, ఎవరు తెచ్చారో పేరుతో సహా. రెండేసి ఉన్నవి ఇచ్చిపుచ్చుకోవడం. గల్ఫు నుంచి వచ్చిన ఫిల్సు నాణేనికి బదులు పాత మూడు పైసలు. సంపన్నుల పిల్లవాడి ఖరీదైన ఆల్బం తరగతిలో తేగలిగేది అసూయ. ఇచ్చిపుచ్చుకోవడంలో కొనడం లేదు, యాచించడం లేదు. కొన్నదానికి కూడా చోటుంది. ఎన్.టి. రామారావు శతజయంతికి 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి విడుదల చేసిన వంద రూపాయల నాణెం హైదరాబాదులో తయారైంది. సగం వెండి, మిగతాది రాగి, నిక్కెలు, జింకు. ముఖ విలువ వందే అయినా అమ్మకం వేలల్లోనే. అది పుట్టినరోజుకు ఇచ్చే కానుక, వెతుకులాటలో దొరికేది కాదు. రెంటినీ కలపకపోతే ఇబ్బంది లేదు.

డబ్బు ఆశ గురించిన అభ్యంతరాన్ని ఇంకా గట్టిగా తీసుకోవాలి. పాత అయిదు రూపాయల ట్రాక్టరు నోటుకూ, వైష్ణోదేవి బొమ్మ ఉన్న 2012 నాణేనికీ లక్షలు ఇస్తామన్న ప్రకటనలు ఫోన్లలో తిరుగుతూనే ఉన్నాయి. ముందు కమీషను, పన్ను కట్టమని అడిగి మాయమయ్యే మోసాలివి. తన పేరు వాడుకుని ఇలా వసూలు చేస్తున్నారని 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకే హెచ్చరించాల్సి వచ్చింది. సేకరణ పిల్లలకు ఈ జబ్బు అంటిస్తుందని భయపడేవాళ్ళున్నారు. జరిగేది దానికి తలకిందులు. వైష్ణోదేవి నాణేలు తన చిల్లరలో తరచూ తగులుతాయని స్వయంగా లెక్కపెట్టి చూసిన పిల్లకు, అవి లక్షలు పలకవని ఎవరూ చెప్పనక్కర్లేదు. అరుదైనది అంటే ఏమిటో తెలియనివాళ్ళే మోసపోతారు. పెద్దలు జాగ్రత్తపడాల్సింది ఒక్కచోట: దొరికిన ప్రతి నాణేనికీ దీనికెంత వస్తుందని మొదట అడగడం మానుకోవాలి. ఆ ప్రశ్న పిల్లల నోట పలికించేది ఎక్కువగా ఇంట్లోవాళ్ళే.

చిల్లరే కనుమరుగవుతున్నప్పుడు ఇదంతా ఎందుకన్నది మరో మాట. టీ కొట్టులో, అరటి యార్డులో, ఆటోలో ఫోను చూపి చెల్లించే రోజులు నిజమే. అయినా టంకశాలలు నాణేల ముద్రణ ఆపలేదు. 2019 మార్చిలో చూపులేనివారు తాకి గుర్తించగలిగేలా కొత్త వరుస వచ్చింది. అందులో పన్నెండు అంచుల ఇరవై రూపాయల నాణెం ఉంది. 2022 జూన్‌లో స్వాతంత్ర్య అమృతోత్సవాల ముద్రతో మరో వరుస వచ్చింది. చిల్లర వాడకం తగ్గుతున్న కాలమే దాన్ని రాసిపెట్టుకోవాల్సిన కాలం కూడా. పావలా పోయినప్పుడు ఎవరూ దాని కథ రాసిపెట్టలేదు. అర్ధరూపాయి ఇప్పటికీ చట్టప్రకారం చెల్లుతుంది, ఏ కొట్టూ తీసుకోదు. అది చివరిసారి ఏ కొట్లో చెల్లిందో పెద్దవాళ్ళను అడిగి రాసుకునే పని ఈ తరం పిల్లలే చేయగలరు.

ఒక్క దారి మాత్రం పెద్దలు నిక్కచ్చిగా మూసేయాలి: నది. గౌతమి వంతెన దాటేటప్పుడు గోదారమ్మకు నాణెం వేయడం ఇక్కడి ఆచారం. రేవుల్లో తాడుకు అయస్కాంతం కట్టి చిల్లర వెలికితీసేవాళ్ళను పుష్కరాల్లోనూ మామూలు రోజుల్లోనూ చూడవచ్చు. 2027లో పుష్కరాలు వస్తున్నాయి, నీళ్ళలో నాణేలు కుప్పలుగా పడతాయి, పిల్లల కళ్ళు అటే పోతాయి. డెల్టాలో గోదావరి ఇసుక మేటల పక్కనే ఉన్నట్టుండి లోతవుతుంది. ఈత వచ్చినవాళ్ళను కూడా ప్రతి వేసవిలో తీసుకుపోతూనే ఉంది. నాణెం కోసం ఏ పిల్లా నీళ్ళలో దిగకూడదు. నదికి ఇచ్చినది నదిదే అన్న పాత మాట ఇక్కడ పిల్లల ప్రాణాలు కాపాడుతుంది. అయస్కాంతం మాత్రం ఇంట్లో ఉంచండి, దానితో చక్కని పాఠం ఉంది. 1988 తర్వాత స్టెయిన్‌లెస్ స్టీలులోకి మారిన చిన్న నాణేలు అంటుకుంటాయి, 1992 నుంచి వచ్చిన స్టీలు రూపాయి అంటుకుంటుంది. రాగి-నిక్కెలు రెండు రూపాయలు, అల్యూమినియం పైసలు అంటుకోవు. 1960ల నాటి స్వచ్ఛమైన నిక్కెలు రూపాయి అంటుకుని ఆశ్చర్యపరుస్తుంది. లోహాల ధర పెరిగిన కొద్దీ ప్రభుత్వం లోహం మార్చుకుంటూ వచ్చిన కథ వంటింటి గట్టు మీద అయస్కాంతంతో అర్థమవుతుంది. అయిదేళ్ళలోపు తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉన్న ఇంట్లో ఈ పాఠమంతా పై అరమీదనే. నాణేలు మింగడం పసివాళ్ళలో ఎక్కువ.

మ్యూజియం పాత్ర గురించి ఒక మాట. రాజమహేంద్రవరంలో గోదావరి గట్టున ఉన్న రాళ్ళబండి సుబ్బారావు ప్రభుత్వ మ్యూజియం రావులపాలెం పిల్లలకు గంట ప్రయాణంలో ఉంది. 1922లో ఆంధ్రేతిహాస పరిశోధక మండలిని నెలకొల్పిన ఆయన పేరే దానికి పెట్టారు. అక్కడికి పిల్లలను తీసుకువెళ్ళేది తమ పుస్తకంలో ఇరవై నాణేలు నింపాకైతే మంచిది. అప్పటికి వాళ్ళకు ఏం చూడాలో తెలిసి ఉంటుంది. అంతకుముందు తీసుకెళితే అద్దం వెనక గుండ్రని లోహపు ముక్కలు తప్ప ఏమీ కనిపించవు.

ఇక దాచే పద్ధతి. ఇత్తడి చెంబుల్ని చింతపండుతో మెరిపించే ఇళ్ళలో పిల్లలు చేసే మొదటి పని పాత కాణీని చింతపండు, ముగ్గుపిండితో తోమడం. తోమిన కాణీ మెరుస్తుంది, చచ్చిపోతుంది. వందేళ్ళుగా రాగి తనంతట తాను కప్పుకున్న గోధుమరంగు పొర పోయాక మళ్ళీ రాదు, ఏ పరిశోధకుడూ దాన్ని తాకడు. మట్టి ఉంటే మంచినీళ్ళలో నానబెట్టి, మెత్తని గుడ్డతో అద్దితే చాలు. సముద్రపు గాలి తగిలే కోనసీమలో తేమ పెద్ద శత్రువు. కొట్లో దొరికే మెత్తటి ప్లాస్టిక్ ఆల్బం కాగితాల్లో రాగి నాణేలు ఏళ్ళ తరబడి ఉంటే వాటికి పచ్చని జిగురు పడుతుంది. ఎండబెట్టిన కాగితపు కవరులో, పొడి డబ్బాలో, అప్పుడప్పుడూ నీడపట్టున గాలి తగిలేలా తెరిచి ఉంచితే సరిపోతుంది. అంచులు పట్టుకుని తీయాలి, బొమ్మమీద వేలు పడకూడదు. కవరు మీద పెన్సిలుతో ఒక అంకె. అదే అంకె కింద పుస్తకంలో తేదీ, చోటు, ఇచ్చినవారు, వాళ్ళన్న మాట.